దూరపు రేడియో స్టేషన్లకు ఏ ఊరు మేలు: నల్లగొండా, పాలమూరా, గద్వాలా?

"అన్నా, మా ఊళ్లో రాత్రిపూట ఏ స్టేషన్లు వస్తాయి?" అని అడిగేవాళ్లు ఈ చలికాలం బాగా పెరిగారు. దేవరకొండ నుంచి ఒకరు, జడ్చర్ల నుంచి ఇద్దరు, ఆలంపూర్ దగ్గరి పల్లె నుంచి ఇంకొకరు. ఊరి పేరు వినగానే, రేడియో పెట్టకముందే, అక్కడ ఏవి పలుకుతాయో కాగితం మీద రాసుకుని తర్వాత సరిచూసుకోవడం నాకు చాలా ఏళ్ల అలవాటు కాబట్టి అడిగితే సంతోషమే. మొన్న డిసెంబరులో ఆ ప్రశ్న నాకే ఎదురైంది. కొత్త రేడియో కొన్నాను, దాంతోపాటు 20 మీటర్ల ఏరియల్ తీగ కూడా. దాన్ని నల్లగొండలో మా డాబా మీద కట్టాలా, గద్వాలలో మా అక్క వాళ్లింట్లో కట్టి నెలకోసారి పోయి వినాలా, లేకపోతే ఉద్యోగం ఉన్న పాలమూరులో అద్దె గది మీద కట్టాలా అని వారం రోజులు ఆలోచించాను.

ముందు ఎఫ్ఎమ్ సంగతి తేల్చేద్దాం, అందులో ఊహ సులువు. ఎఫ్ఎమ్ ఇంచుమించు చూపు మేర పోతుంది. టవర్ ఎత్తు మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టండి, మీ ఏరియల్ ఎత్తుకూ అలాగే కట్టండి, రెండూ కలిపి 4.12తో గుణిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. టవర్ 100 మీటర్లు, డాబా 9 మీటర్లు అనుకుంటే 53 కిలోమీటర్లు. మ్యాప్ మీద స్కేలు పెడితే గద్వాల నుంచి కర్నూలు 50 చిల్లర, రాయచూరు అంతకన్నా కాస్త తక్కువ. అంటే అక్క వాళ్ల డాబా ఎక్కితే ఒక పక్క తెలుగు, ఒక పక్క కన్నడం. నల్లగొండ నుంచి హైదరాబాద్ 90 దాకా ఉంటుంది కాబట్టి ఇంట్లో కూర్చుంటే గరగరే, లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కితే మాత్రం వేరే ఊళ్లో ఉన్నట్టు ఉంటుంది. విజయవాడ బస్సులో పోయేవాళ్లు గమనించే ఉంటారు, 98.3 మీద హైదరాబాద్ మిర్చి సన్నగిల్లి, చాలాసేపు హోరు తర్వాత, అదే నంబరు మీద విజయవాడ మిర్చి అందుకుంటుంది. ఎఫ్ఎమ్ వరకు గద్వాలదే పైచేయి, అందులో వాదన లేదు.

నా మనసు మాత్రం పాత ఆకాశవాణి కేంద్రాలు పలికే మీడియం వేవ్ మీదే. ఇక్కడ పగలు వేరు, రాత్రి వేరు. పగలు సిగ్నల్ నేల పట్టుకుని పాకుతుంది. తడి నేల మీద, రేగడి మీద బాగా పోతుంది, ఎండిన చెల్కల మీద, కింద గట్టి రాయి ఉన్నచోట తొందరగా చచ్చిపోతుంది. నల్లగొండ, పాలమూరు రెండూ రాతి నేలలే. అయినా హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ 200 కిలోవాట్లది, పైగా కింది ఫ్రీక్వెన్సీ, కాబట్టి ఈ రెండు ఊళ్లలో పగలంతా దిట్టంగా ఉంటుంది. విజయవాడ 837 కోదాడ, హుజూర్‌నగర్ వైపు హాయిగా వినొచ్చు, నల్లగొండలో సన్నగా వస్తుంది, పాలమూరు వచ్చేసరికి పగలు వెతుక్కోవాల్సిందే.

పొద్దుగూకాక లెక్క మారిపోతుంది. పైన ఆకాశంలో ఎండకు పుట్టి సిగ్నల్‌ను మింగేసే కింది పొర చీకటి పడగానే పోతుంది, పై పొర దాన్ని తిప్పి నేలకు కొడుతుంది. బెంగళూరు 612, చెన్నై 720, ధార్వాడ 765, నాగపూర్ 585, ఇవన్నీ మూడు ఊళ్లకూ వస్తాయి. 300 కిలోమీటర్ల పైనుంచి వచ్చేదానికి మనం నల్లగొండలో ఉన్నామా గద్వాలలో ఉన్నామా అన్నది గోరంత తేడా. ఇది ఎంతమందికి చెప్పినా నమ్మరు, ఊరు మారితే స్టేషన్లు మారిపోతాయనుకుంటారు.

మారేది దిక్కు. రేడియో లోపల ఏరియల్‌గా పనిచేసే ఫెరైట్ కడ్డీ కొన ఏ స్టేషన్ వైపు చూస్తే ఆ స్టేషన్ తగ్గిపోతుంది, కడ్డీకి అడ్డంగా ఉన్నది బాగా వినిపిస్తుంది. నల్లగొండకు హైదరాబాద్ పడమర వాయవ్యంలో, చెన్నై ఇంచుమించు నేరుగా దక్షిణాన. అందుకే కడ్డీ కొనను హైదరాబాద్ వైపు తిప్పితే 738 వాలిపోయి, డయల్ మీద దాని పక్కనే ఉండి ఆ ఒత్తిడిలో నలిగే 720 పైకి లేస్తుంది. చేత్తో రేడియోను కొద్దికొద్దిగా తిప్పుతుంటే తెలుగు గొంతు కిందికి దిగి తమిళం తేలి వస్తుంది చూడండి, అది ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరదు. అదే కడప 900, శ్రీలంక పుత్తళం నుంచి వచ్చే 882 విషయంలో ఈ కిటుకు పనిచేయదు, ఎందుకంటే మన మూడు ఊళ్లకూ రెండూ ఒకే వైపు, దక్షిణానే ఉన్నాయి.

ఇంకో మాట, భాష విని స్టేషన్ పేరు రాసేయకండి. ఒకే తెలుగు వార్తలు చాలా కేంద్రాలు కలిసి ప్రసారం చేస్తాయి. వార్తలు అయ్యాక "ఆకాశవాణి, ఫలానా కేంద్రం" అని చెప్పేదాకా పెన్ను తీయొద్దు. నేను ఒకసారి విజయవాడ అని రాసుకున్నది కడప అయింది.

ఇక నా దృష్టిలో అసలు తేల్చే విషయం దూరం కాదు, కిలోవాట్లు కాదు, ఇంటి చుట్టూ ఉన్న కరెంటు గోల. ఎల్ఈడీ బల్బు, ఫోన్ చార్జర్, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్, ఇన్వర్టర్, ఇవన్నీ మీడియం వేవ్ మీద జుయ్‌మని మోగుతాయి. జనవరిలో నల్లగొండ ఇంట్లో మా మెయిన్ స్విచ్ దించేసి చూశాను. 612 మీద గోల సగమే తగ్గింది. రేడియో పట్టుకుని ఒక్కో గోడ దగ్గరా నిలబడుతూ పోతే, పక్కింటి మీటర్ బోర్డుకు ఆనుకున్న గోడ దగ్గర పెరిగింది, వెనక జామచెట్టు కింద తగ్గింది. పది అడుగులంతే తేడా, అక్కడ కన్నడ పాట మాట మాటా తెలుస్తోంది. ఆ రాత్రే పావుగంట కరెంటు పోయింది. వీధి మొత్తం చీకటి, డయల్ మీద ఒక్కసారిగా నిశ్శబ్దం. అంతవరకు ఖాళీ అనుకున్నచోట్ల నాలుగు స్టేషన్లు దొరికాయి. కరెంటు రాగానే నాలుగూ మునిగిపోయాయి. బాధేసింది, ఎందుకంటే అవి ప్రతిరాత్రీ మా ఇంటిదాకా వస్తున్నాయి, వినలేకపోతున్నది మేమే.

పాలమూరు గది ఇక్కడే ఓడిపోయింది. మూడో అంతస్తు, నాలుగు వైపులా స్లాబు, కింద వరసగా షాపులు. 738 తప్ప ఏదీ నిలకడగా ఉండదు. ఊరి తప్పు కాదది, అదే పాలమూరులో ఊరి అంచున చేను పక్కన ఇల్లుంటే నా తీర్పు వేరేగా ఉండేది.

మిగతా ఊళ్లు అడిగారు కాబట్టి: వనపర్తి ఇంచుమించు గద్వాల లెక్కే. షాద్‌నగర్ వద్దు, హైదరాబాద్ మరీ దగ్గర. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు నల్లమల అంచు ప్రశాంతం, అక్కడ చుట్టాలుంటే తప్పకుండా వెళ్లండి. షార్ట్ వేవ్‌కు ఊరు ఏదైనా ఒకటే, మా నాన్న రేడియో సిలోన్ తెలుగు పాటలు విన్నది కూడా ఈ నల్లగొండలోనే.

చివరికి తీగ గద్వాలలోనే కట్టాను. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న ఈ నడిగడ్డలో మూడు వైపుల నుంచి రెండు మూడు భాషలు వస్తాయన్న ఇష్టం ఉంది, అది దాచను. కానీ అసలు కారణం అక్క వాళ్ల ఇల్లు ఊరి చివర ఉండటం, బావ రాత్రి ఎనిమిదికల్లా టీవీ ఆపేయడం. వేపచెట్టు నుంచి పిట్టగోడ దాకా తీగ లాగి, కరెంటు తీగలకు దూరంగా, వాటికి అడ్డదిశలో ఉండేలా కట్టుకున్నాం. ఉరుములున్న రోజు మాత్రం రేడియో నుంచి తీసేయమని బావకు చెప్పి వచ్చాను.

ఇక జడ్చర్ల వాళ్లిద్దరికీ నా ఊహ: పగలు 738 గట్టిగా, 900 సన్నగా. చీకటి పడ్డ గంటకు 585, 612, 765, 837, కడ్డీ తిప్పితే 720. కొన్ని ట్రాన్స్‌మిటర్లు ఈ మధ్య మూసేస్తున్నారు, కొన్నిచోట్ల డిజిటల్ ప్రసారం మామూలు రేడియోలో ఉత్త హోరులా వినిపిస్తుంది, కాబట్టి ఒకటీ అరా తప్పొచ్చు. శనివారం రాత్రి మెయిన్ స్విచ్ దించి, రేడియో వాకిట్లోకి తెచ్చి వినండి, ఏవి రాలేదో చెప్పండి, నా కాగితం మీద కొట్టేసుకుంటాను.