దాంగోనా, దైఫుకూనా? ఇంట్లో చేసుకోవడానికి ఏది మేలు?

రెండూ జపాన్ వాళ్లు టీతో పాటు తినే బియ్యప్పిండి తీపి వంటకాలే. దాంగో అంటే పుల్లకు గుచ్చే ఉండలు, దైఫుకు అంటే లోపల తీపి ముద్ద పెట్టి మెత్తటి పొరతో చుట్టిన ఉండ. తేడా అంతా పిండిలో ఉంది. దాంగోకి ఆధారం జోషిన్‌కో, అంటే అన్నం వండుకునే మామూలు బియ్యపు పిండి. దైఫుకుకి షిరతమాకో కావాలి. జిగురు బియ్యాన్ని నానబెట్టి, నీళ్లతో రుబ్బి, అడుగున పేరుకున్న పిండిని ఆరబెడితే వచ్చేది అది. పొట్లం విప్పితే పొడిలా కాదు, చిన్న చిన్న పలుకుల్లా ఉంటుంది. మన ఇళ్లలో ఉండే బియ్యప్పిండిది జోషిన్‌కో జాతే. దానితో దైఫుకు చేయబోతే పొర సాగదు, మడిచిన చోటల్లా చిట్లుతుంది.

మొదటిసారి చేసేవాళ్లకు దాంగోయే మేలు, తప్పు జరిగినా సరిదిద్దుకోవచ్చు కాబట్టి. ఇక్కడ రెండు పిండ్లూ సమానంగా వాడతాం. షిరతమాకో 100 గ్రాములు తీసుకుని, 160 మి.లీ. నీళ్లలో ముప్పావు వంతు పోసి, పలుకులన్నీ వేళ్లతో నలిపి కరిగించాలి. ఆ తర్వాతే 100 గ్రాముల జోషిన్‌కో కలపాలి. రెండు పిండ్లూ ఒకేసారి కలిపేస్తే పలుకులు నలగక, ఉడికాక కూడా పంటికి తగులుతాయి. మిగిలిన నీళ్లు కొంచెం కొంచెంగా చేర్చుకోవాలి. ముద్ద ఎంత మెత్తగా ఉండాలో చెప్పడానికి జపాన్‌లో వాడే పోలిక చెవి తమ్మె. ఒక చేత్తో తమ్మెను, ఇంకో చేత్తో ముద్దను నొక్కి చూస్తే చాలు, తూకం కన్నా ఇదే నమ్మకం. 18 గ్రాముల చొప్పున ఇరవై ఉండలు వస్తాయి. మరిగే నీళ్లలో వేసి, పైకి తేలాక ఇంకో రెండు నిమిషాలు ఉంచి చన్నీళ్లలోకి తీయాలి. తేలగానే తీసేస్తే నడుమ పచ్చిపిండి మిగులుతుంది.

దాంగోకి పట్టించే మితరాషి అనే సోయా సాస్ తీపి పాకానికి నీళ్లు 100 మి.లీ., చక్కెర 50 గ్రాములు, సోయా సాస్ రెండు టేబుల్ స్పూన్లు, బంగాళదుంప పిండి (కతకురికో) ఒక టేబుల్ స్పూన్. అన్నీ చల్లగా ఉన్నప్పుడే కలిపి పొయ్యి మీద పెట్టాలి, వేడి పాకంలో పిండి వేస్తే ఉండలు కడుతుంది. ఉండల్ని పుల్లలకు గుచ్చి, అక్కడక్కడా గోధుమరంగు మచ్చ పడేదాకా కాల్చి పాకంలో ముంచితే ఆ రుచే వేరు. ఈ పేరు క్యోటోలోని షిమొగామో ఆలయపు మితరాషి కొలను నుంచి వచ్చింది. అక్కడ పుల్లకు ఐదు ఉండలు, టోక్యో వైపు ఎక్కువగా నాలుగు.

దైఫుకుకి షిరతమాకో 100, చక్కెర 50 గ్రాములు, నీళ్లు 150 మి.లీ. కలిపి, 600 వాట్ల మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు ఉంచి, తడి గరిటెతో కలిపి, మళ్లీ ఒక నిమిషం పెట్టాలి. తెల్లదనం పోయి అద్దంలా మెరిస్తే ఉడికినట్టు. కష్టం ఇక్కడే మొదలవుతుంది: పొర వేడిగా ఉండగానే చుట్టేయాలి, చల్లారితే అతుక్కోదు. అందుకే అజుకి (చిన్న ఎర్ర చిక్కుడు గింజలు) ఉడికించి చేసే తీపి ముద్ద అంకోను 25 గ్రాముల ఎనిమిది ఉండలుగా ముందే చేసి చల్లార్చుకోవాలి. చేతికి అంటకుండా కతకురికో చల్లుకోక తప్పదు, కానీ అది అంచు లోపలికి చేరితే అతుకు విడిపోతుంది. కుంచెతో దులిపి అప్పుడు నొక్కాలి.

రేపటికి ఉండాలంటే మాత్రం దైఫుకే గెలుస్తుంది. అందులోని చక్కెర తేమను పట్టి ఉంచుతుంది, జిగురు బియ్యం కూడా త్వరగా గట్టిపడదు. దాంగో కొన్ని గంటల్లోనే బిగుసుకుంటుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా తొందరగా గట్టిపడుతుంది, దాచాలంటే ఫ్రీజరే దారి. స్ట్రాబెర్రీ పెట్టిన దైఫుకుకి ఈ లెక్క వర్తించదు, పండు నీరు వదులుతుంది కనుక అదే రోజు తినేయాలి.

రెండూ గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది, అందుకే ఇంట్లో పసిపిల్లలకు ఏదీ పెట్టకండి, ముసలివాళ్లకు ఏదీ ఉండ మొత్తంగా ఇవ్వకండి. ముసలివాళ్లకు దాంగోను శనగగింజంత ముక్కలు చేసి, పక్కన కూర్చుని తినిపించండి.