రిటైల్ డైరెక్ట్‌లో కొన్న 2034 బాండు

ప్రొద్దుటూరు బంగారం అంగళ్లకూ, నూటికి రెండు రూపాయల వడ్డీకీ అలవాటుపడిన కడప జిల్లాలో ప్రభుత్వ బాండు, అంటే ప్రభుత్వానికి మనమిచ్చే అప్పుకు పత్రం, కొన్నామంటే ‘ఏమొస్తుంది దాంట్లో?’ అన్న ప్రశ్నే ముందు ఎదురవుతుంది. నేను కొన్న బాండు వడ్డీ ఏడాదికి 7.10 శాతం, అంటే మన లెక్కలో నెలకు నూటికి అరవై పైసలు కూడా కాదు. అయినా అసలుకు ప్రభుత్వమే పూచీ అన్న ధీమాతో, 2024 ఆగస్టులో మామూలు జనం నేరుగా ప్రభుత్వ బాండ్లు కొనేందుకు రిజర్వు బ్యాంకు నడిపే రిటైల్ డైరెక్ట్ ద్వారా, 2034లో గడువు తీరే బాండును యాభై వేల రూపాయల ముఖ విలువకు (గడువు తీరాక తిరిగొచ్చే అసలుకు) కొన్నాను.

ఖాతా తెరవడానికి రుసుము లేదు. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా ఉంటే పదివేల రూపాయల ముఖ విలువ నుంచి కొనవచ్చు. 2021 నవంబరు నుంచి అందుబాటులో ఉన్న ఈ సౌకర్యం గురించి మా ఊళ్లో ఒక బ్యాంకు శాఖలో అడిగితే, అక్కడి ఉద్యోగి అలాంటిదేదీ లేదని చెప్పి బీమా పాలసీ కాగితం చేతిలో పెట్టాడు.

కొన్న రోజు నన్ను గాభరా పెట్టింది ధరే. నూరు రూపాయల బాండుకు నూటొక్క రూపాయి పైన ఉంది. దానికి తోడు మరో 1,183 రూపాయలు కలిశాయి. అది రుసుమేమోనని పొరబడ్డాను. ఈ బాండుకు ఏటా ఏప్రిల్ 8న, అక్టోబరు 8న వడ్డీ పడుతుంది. ఏప్రిల్ నుంచి నాలుగు నెలలు బాండును ఉంచుకున్నవారికి ఆ వడ్డీ దక్కాలి కనుక కొనేవారు దాన్ని ముందే చెల్లిస్తారు. అక్టోబరు 8న ఆరు నెలల వడ్డీ 1,775 రూపాయలు నా ఖాతాలో పడ్డాక లెక్క తేలింది.

ఇక ధర నూరు దాటిన సంగతి. కడపలోని వై.వి. వీధిలో ఒక అంగడిని పదేళ్లపాటు నెలకు ఏడు వేల బాడుగకు, పెంచే వీలు గానీ తగ్గించే వీలు గానీ లేకుండా రాసిచ్చారనుకోండి. పక్క అంగళ్ల బాడుగ ఎనిమిది వేలకు చేరితే ఈ అంగడిని పాత ధరకు ఎవరూ కొనరు; ఆరు వేలకు పడిపోతే ఎక్కువ పెట్టైనా కొంటారు. బాండు మీద రాసిన వడ్డీ ఆ బాడుగ లాంటిది, అది మారదు. మారేది ధర, ఆ ధరకు కొన్నవారికి గిట్టుబాటయ్యే రాబడినే ఈల్డ్ అంటారు. పదేళ్ల గడువున్న 7 శాతం బాండు మీద మార్కెట్ 8 శాతం రాబడి కోరితే ధర దాదాపు 93.20కి దిగుతుంది, 6 శాతంతో సరిపెట్టుకుంటే 107.44 దాకా లేస్తుంది. గడువు ఏడాదే మిగిలితే అదే తేడాకు ధర రూపాయి లోపే కదులుతుంది. నేను కొన్ననాడు మార్కెట్ 7.10 కన్నా తక్కువ రాబడికే ఒప్పుకుంది కనుక నేను ఎక్కువ ధర ఇవ్వాల్సి వచ్చింది.

2025 ఫిబ్రవరి నుంచి జూన్ దాకా రెపో రేటు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ రేటు) 6.50 నుంచి 5.50 శాతానికి దిగగా, ఆ క్రమంలో నా బాండు ధర పెరిగింది. అయితే జూన్‌లో ఒకేసారి అర శాతం తగ్గించిన తరువాత దీర్ఘకాలిక బాండ్ల ఈల్డ్ తగ్గకపోగా పెరిగింది, అంటే వాటి ధర తగ్గింది. రిజర్వు బ్యాంకు తన వైఖరిని తటస్థానికి (రేట్లు పెంచడానికైనా తగ్గించడానికైనా కట్టుబడని స్థితికి) మార్చడంతో, ఇకపై కోతలకు పెద్దగా చోటు లేదని మార్కెట్ భావించింది. రెపో తగ్గితే బాండు ధర పెరిగి తీరుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అమ్మకమే దీనిలో అసలు ఇబ్బంది. ఈ మార్కెట్లో మామూలు బేరం అయిదు కోట్ల రూపాయల ముఖ విలువది. మన యాభై వేలకు చిల్లర విభాగమే గతి, అక్కడ మనం కోరిన ధరకు కొనేవారు వెంటనే దొరకకపోవచ్చు. వడ్డీ ఆదాయంలో కలిసి పన్ను పడుతుందన్నదీ గుర్తుంచుకోవాలి. కాబట్టి రెండేళ్లలో పెళ్లి ఖర్చుకో, ఇల్లు కట్టడానికో కావలసిన సొమ్మును పదేళ్ల బాండులో పెట్టమని నేను చెప్పను. అలాంటివారికి ఇదే ఖాతాలో 91, 182, 364 రోజుల ట్రెజరీ బిల్లులు, అంటే ప్రభుత్వం తీసుకునే తక్కువ కాలపు అప్పు పత్రాలు, ఉన్నాయి. వాటికి విడిగా వడ్డీ ఉండదు, నూరుకు తక్కువ ధరలో కొని గడువునాడు నూరు తీసుకోవడమే.