అడిగి మార్చే డెబియన్: దూరాన ఉన్న ఒక ల్యాప్‌టాప్ అనుభవం

డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గురించి రాసేవారంతా దాని నిలకడ గురించే రాస్తారు కాబట్టి ఆ సంగతి నేను ఎత్తుకోను. డెబియన్ 11 నుంచి ఇప్పటి 13 వరకు ఒకే యంత్రం మీద వాడుతున్న నాకు దీని మీద మమకారం కలిగించింది వేరే గుణం: నేను చేత్తో దిద్దుకున్న సెట్టింగుల ఫైలును అది నన్ను అడగకుండా మార్చదు.

ఈ పని చూసేది డీపీకేజీ, అంటే డెబియన్‌లో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను ఎక్కించే సాధనం. ప్యాకేజీతో వచ్చిన సెట్టింగుల ఫైలు చెక్‌సమ్‌ను (ఫైలులో ఉన్నదాని నుంచి లెక్కగట్టిన గుర్తును) అది ముందే రాసి పెట్టుకుంటుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు, మనం ఆ ఫైలు జోలికి పోలేదని తేలితే గుట్టుగా కొత్తది పెట్టేస్తుంది. మనం మార్చినా ప్యాకేజీవారు మార్చకపోతే మనదే ఉంచుతుంది. ఇరువైపులా మార్పు ఉన్నప్పుడు మాత్రం ఆగి అడుగుతుంది. ఊరికే ఎంటర్ నొక్కినా మన ఫైలే నిలుస్తుంది, వారిది డీపీకేజీ-డిస్ట్ అనే తోకతో పక్కన చేరుతుంది. వేరే లినక్స్‌లైన ఫెడోరాలో, ఆర్చ్‌లో ఇదే పని చేసే ఆర్‌పీఎం, ప్యాక్‌మ్యాన్ కూడా సాధారణంగా మన ఫైలును కాపాడతాయి గానీ ఆగి అడగవు. కొత్త ఫైలును పక్కన పెట్టి, ఒక హెచ్చరిక వాక్యం చూపి సాగిపోతాయి. వందల వరుసల మధ్య ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకునే ఓపిక నాకు లేదు.

అడగడం విలువ ఏమిటో 2023లో తెలిసింది. రాజమండ్రిలో అమ్మానాన్నల ఇంట్లో, తెర పాడైపోయిన పాత ల్యాప్‌టాప్‌ను మూత మూసి టీవీ కింది అరలో ఉంచి, ఇంటి ఫొటోలకు సర్వర్‌గా వాడుతున్నాను. నేనుండేది హైదరాబాద్‌లో కనుక దానితో నా వ్యవహారమంతా ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి యంత్రాన్ని ఆదేశాలతో నడిపే పద్ధతి) మీదే నడుస్తుంది. మూత మూస్తే నిద్రపోవడం ల్యాప్‌టాప్ నైజం. ఆ అలవాటు మాన్పించడానికి లాగిన్‌డీ.కాన్ఫ్ ఫైలులో హ్యాండిల్‌లిడ్‌స్విచ్ విలువను ఇగ్నోర్‌గా (పట్టించుకోవద్దని) మార్చి పెట్టాను. 11 నుంచి 12కు అప్‌గ్రేడ్ చేస్తుండగా, ఆపకుండా పరుగెడుతున్న వరుసలు ఒక్కసారిగా నిలిచిపోయి, సరిగ్గా ఆ ఫైలు పేరుతో ప్రశ్న వచ్చింది. తేడా చూపమని డి నొక్కితే, మైనస్ గుర్తుతో నేను రాసిన వరుస, ప్లస్ గుర్తుతో దాని స్థానంలోకి రాబోతున్న సస్పెండ్ (నిద్రపొమ్మనే) వరుస, వాటి దగ్గరలోనే రీబూట్ మీట కోసం కొత్తగా చేర్చిన ఐచ్ఛికాలు కనిపించాయి. కొత్త ఫైలుకు ఒప్పుకుని ఉంటే, రీబూట్ అయిన కాసేపటికే ఆ యంత్రం నిద్రలోకి జారుకునేది, నేను నాన్నగారికి ఫోన్ చేసి, ఏమీ కనిపించని తెర ముందు ఆయనను కూర్చోబెట్టి మూత ఎత్తించాల్సి వచ్చేది. నా ఫైలే ఉంచమని ఎన్ నొక్కి ముందుకు సాగాను. ఆయనకు అప్‌గ్రేడ్ జరిగిన సంగతే తెలియలేదు.

అయితే ఈ ప్రశ్న మనదా, వారిదా అని అడుగుతుందే తప్ప రెండింటినీ కలిపి పెట్టదు. ప్రతిసారీ మనదే ఉంచుకుంటూ పోతే కొత్త ఐచ్ఛికాలు మన ఫైలులోకి ఎప్పటికీ చేరవు. కలిపే సౌకర్యం యూసీఎఫ్ అనే మరో సాధనానికి ఉంది గానీ, అది తన అధీనంలోని ఫైళ్లకే పరిమితం. దాని ప్రశ్న నీలి తెర మీద వేరే రూపంలో వస్తుంది కాబట్టి కొత్తవారు కంగారు పడతారు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నవీకరణలు వాటంతట అవే పడాలని అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ అనే సాధనం పెట్టుకున్నాను. ఇలాంటి ప్రశ్న అడగాల్సివచ్చే ప్యాకేజీని అది ముట్టుకోదు. చేత్తో అప్‌గ్రేడ్ చేయాలని లాగ్‌లో (చేసిన పనులు నమోదయ్యే ఫైలులో) ఒక మాట రాసి వదిలేస్తుంది. బయటి రిపాజిటరీ (ప్యాకేజీల నిల్వ) నుంచి తెచ్చుకుని ఆ సాధనం పరిధిలోకి చేర్చిన ఒక ప్యాకేజీ ఈ కారణంగా నెలల తరబడి పాత వెర్షన్‌లోనే ఉండిపోయింది. జవాబు చెప్పే మనిషి ఎదురుగా లేనప్పుడు ఆగిపోవడాన్ని తప్పు పట్టలేను. కానీ మెయిల్ ఏర్పాటు చేసుకోని ఇంటి సర్వర్‌లో, అది ఆగిన సంగతి లాగ్ తెరిచి చూసినప్పుడు గానీ తెలియదు.

ఆ తర్వాత మూత వరుసను సొంత మార్పులు విడిగా ఉంచుకునే లాగిన్‌డీ.కాన్ఫ్.డీ ఫోల్డర్‌లో వేరే ఫైలుగా రాసి, అసలు ఫైలును ప్యాకేజీతో వచ్చిన రూపానికే తిరిగి మార్చేశాను. 13కు మారినప్పుడు దాని గురించి ప్రశ్నే రాలేదు. ఇంతగా మెచ్చుకున్న ప్రశ్నను తప్పించుకునే దారి నేనే వెతుక్కున్నానన్నమాట, అయినా ఇలాంటి ఫోల్డర్ సదుపాయం అన్ని సాఫ్ట్‌వేర్లకూ లేదు.

ఒకటి రెండు యంత్రాలుండి, అప్‌గ్రేడ్ జరిగేంతసేపు పక్కనే కూర్చోగలవారికి డెబియన్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను. వందల యంత్రాలు నడిపేవారు ఎలాగూ పాత ఫైలే ఉంచమనే ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్ ఐచ్ఛికంతో ఈ ప్రశ్ననే నోరు మూయిస్తారు కాబట్టి, నాకు నచ్చిన ఈ గుణం వారి ఎంపికలో పెద్దగా లెక్కకు రాకపోవచ్చు.