గోధుమ బ్రెడ్డుకు ఏ బటన్: బేసికా, హోల్ వీటా?

ఇంట్లో బ్రెడ్డు చేసే బ్రెడ్ మేకర్ మిషన్లో మైదా బ్రెడ్డుకైతే ఈ ప్రశ్నే లేదు. బేసిక్ నొక్కితే కలపడం, పొంగడం, కాలడం అన్నీ మూడు గంటలకు కాస్త అటూ ఇటుగా పూర్తవుతాయి. చిక్కంతా మనం పిండిమరలో ఆడించుకొచ్చిన గోధుమపిండితోనే. జ్వరమొస్తే పాలలో ముంచుకుని తినేదిగా ఉన్న బ్రెడ్డు ఇప్పుడు నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో రోజూ టిఫిను అవుతోంది కాబట్టి, ఇది తేల్చుకోవాల్సిన విషయమే.

గోధుమపిండిలోని పొట్టు నీళ్లు పీల్చడానికి టైం పడుతుంది. అందుకే కొన్ని మిషన్లలో హోల్ వీట్ నొక్కితే చాలాసేపు పిండి కలిపే రెక్క తిరగదు. మిషన్ పాడైందని కంగారు పడొద్దు, లోపల కాస్త వెచ్చబడుతూ పిండికి నానే వ్యవధి ఇస్తోంది. పొంగడానికి కూడా ఎక్కువ సమయం ఉంటుంది. అదే పిండిని నేరుగా బేసిక్‌లో వేస్తే తడి సరిగా పట్టక బ్రెడ్డు గట్టిగా వస్తుంది, కోస్తే పొడి రాలుతుంది. మామూలు రోజుల్లో పూర్తి గోధుమపిండికి హోల్ వీటే మేలు. 400 గ్రాముల పిండికి 300 మిల్లీలీటర్ల నీళ్లతో మొదలుపెట్టి, కలుపుతున్నప్పుడు మూత తీసి చూసి, ముద్ద గట్టిగా ఉంటే చెంచా చెంచాగా పోయండి.

రోహిణి కార్తెలో మాత్రం నా ఓటు బేసిక్‌కే. మేడమీది ట్యాంకు నీళ్లు అప్పటికే కాగి ఉంటాయి. దానికి మిషన్ వెచ్చదనం, పొడవాటి పొంగే సమయం తోడైతే ఈస్ట్ తొందరపడి పిండిని ముందే పొంగించేస్తుంది. కాలే వేళకు బలం చాలక బ్రెడ్డు నడినెత్తిన గుంట పడుతుంది. ఫ్రిజ్ నీళ్లతో పిండి తడిపి అరగంట విడిగా నానబెట్టి, తర్వాత ఉప్పు, ఈస్ట్ వేసి బేసిక్ నొక్కండి. ఈస్ట్ పావు వంతు తగ్గించండి. ఉప్పు తగ్గించొద్దు, ఈస్ట్‌కు పగ్గం వేసేది అదే.

పొంగే సమయం తగ్గించి తొందరగా ముగించే క్విక్ ప్రోగ్రామ్ జోలికి గోధుమపిండితో అసలు పోవద్దు.

టైమర్ పెట్టుకుని రాత్రి పడుకుంటే పొద్దున్నే వేడి బ్రెడ్డు. డిసెంబరు, జనవరిలో ఇది నిజంగా హాయి. నీళ్లు అడుగున, పిండి పైన, ఈస్ట్ ఆ పొడిపిండి మీద, ఉప్పుకు దూరంగా. ఎండాకాలం రాత్రుళ్లు వద్దు. పాలు, గుడ్డు వేసే బ్రెడ్డుకైతే ఏ కాలంలోనూ వద్దు, గంటల తరబడి బయట ఉంటే చెడిపోతాయి. పాలపొడి వాడుకోవచ్చు.

కరెంటు పోయే ఊళ్లలో డో ప్రోగ్రామే నమ్మకం. చాలా మిషన్లలో గంటన్నరకు అటూ ఇటుగా పిండి పొంగి సిద్ధమవుతుంది, ఆ తర్వాత కాల్చడం మన చేతిలో ఉంటుంది. బన్నులు చేసి ఓవెన్లో పెట్టుకోండి. నిన్నటి చేపల పులుసులో ముంచుకోవడానికి ఈ బన్ను ముందు ముక్కల బ్రెడ్డు ఆగదు.

క్రస్ట్, అంటే పైపొర రంగుకు మీడియం చాలు. బెల్లం వేసిన రోజు లైట్ పెట్టండి, తీపి ఉంటే పైన త్వరగా మాడుతుంది. బీప్ మోగగానే బ్రెడ్డు బయటికి తీసేయండి. కీప్ వార్మ్‌లో గంటసేపు వదిలేస్తే ఆవిరి పట్టి పక్కలు మెత్తబడతాయి.