బుచ్, సన్‌డాన్స్ దారిలో: గ్రాఫ్టన్ నుంచి టెల్లురైడ్ దాకా

నిజంగా ఉన్న ఇద్దరు అమెరికా దోపిడీ దొంగల మీద తీసిన సినిమా ‘బుచ్ క్యాసిడీ అండ్ ద సన్‌డాన్స్ కిడ్’ నచ్చి, అది తీసిన చోట్లు చూడాలనుకునేవాళ్లకి నేను మొదట చెప్పే మాట: గ్రాఫ్టన్ వదలొద్దు. యూటాలో జాయన్ నేషనల్ పార్క్ దగ్గరే ఉంది. రాక్‌విల్ అనే చిన్న ఊళ్లో ఇనుప వంతెన దాటి మట్టి రోడ్డు పట్టుకుంటే వచ్చేస్తుంది. వాన పడితే మాత్రం ఆ రోడ్డు బురదే, మామూలు కారుతో సాహసం చేయకండి.

1859లో మోర్మన్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు వేసుకున్న ఊరది. వర్జిన్ నది వరదలు వాళ్లని కుదురుగా ఉండనివ్వలేదు. 1940ల మధ్యకల్లా ఊరు ఖాళీ. 1886లో కట్టిన బడి, రెండు మూడు ఇళ్లు, కొంచెం దూరంలో సమాధులు మిగిలాయి. సినిమాలో బుచ్‌గా వేసిన పాల్ న్యూమన్ సైకిల్ తొక్కుతూ, ముందు క్యాథరిన్ రాస్‌ని కూర్చోబెట్టుకుని తిరిగింది ఇక్కడే. అక్కడ వచ్చే పాట వింటూ చూసినప్పుడు అది సరదా సీన్‌గానే అనిపిస్తుంది. కానీ కథలో గుర్రాల రోజులు అయిపోతున్నాయని చెప్పడానికి వచ్చింది ఆ సైకిలే. బొలీవియా బయల్దేరే ముందు బుచ్ దాన్ని విసిరి పారేస్తాడు. ఈ ఇద్దరికీ తమ కాలం చెల్లిపోయిందని మనకు తెలుస్తూనే ఉంటుంది, వాళ్లు మాత్రం నవ్విస్తూనే ఉంటారు. 1969 నాటి సినిమాని ఇప్పటికీ జనం మళ్లీ మళ్లీ చూడటానికి కారణం అదేనని నా నమ్మకం. బడి ముందు నిలబడి ఎర్ర కొండల కేసి చూస్తే ఆ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. టికెట్ లేదు, కొట్టు లేదు, నీళ్లు కూడా మనమే తీసుకెళ్లాలి.

బస విషయానికొస్తే, పార్క్ గేటు పక్కనున్న స్ప్రింగ్‌డేల్‌లో అన్నీ ఖరీదే. మేం దిగిన చోట డబ్బులు గట్టిగా తీసుకున్నారు. ఏసీ రాత్రంతా గడగడలాడుతుంటే ఫోన్ చేస్తే ఎత్తిన నాథుడు లేడు. కొంచెం వెనక్కి, హరికేన్ అనే ఊరి వైపు తీసుకుంటే అదే డబ్బుకి మంచి గది వస్తుంది. అరగంట డ్రైవింగ్ ఎక్కువైనా నష్టం లేదు.

అక్కడి నుంచి ఉత్తరాన 89వ నంబర్ హైవే మీద సర్కిల్‌విల్ దగ్గర బుచ్ పెరిగిన దుంగల ఇల్లు ఉంది. అసలు పేరు రాబర్ట్ లీరాయ్ పార్కర్, పుట్టింది 1866లో. ఇల్లు చాలా చిన్నది, పదమూడు మంది పిల్లల్లో ఇతనే పెద్దవాడు. మా నాన్నగారు లోపల చేతులు చాచి కొలిచి, ‘ఇంతమంది ఎలా పడుకునేవాళ్లురా’ అని ఆశ్చర్యపోయారు. బాగుచేసి, పార్కింగ్ పెట్టి, ఉచితంగా చూడనిస్తున్నారు. బుచ్ చెల్లెలు లూలా షూటింగ్ చూడటానికి కూడా వెళ్లారు. అన్న బొలీవియాలో చనిపోలేదని, 1925లో ఇంటికొచ్చాడని ఆవిడ చెప్పేవారు. 1908లో బొలీవియాలోని సాన్ విసెంతేలో ఇద్దరూ కాల్పుల్లో పోయారనేది అందరూ చెప్పే కథ. 1991లో అక్కడ సమాధి తవ్వి తీసిన ఎముకలు వీళ్లవి కావని తేలింది. వాళ్లు చావడం చూపించకుండా, తుపాకులతో బయటికి దూకుతుండగా బొమ్మ ఆపేసిన దర్శకుడు జార్జ్ రాయ్ హిల్‌కి దండం పెట్టాలి.

కొలరాడోలోని డురాంగోకి వెళ్లడానికి ఒక పూటంతా కారులోనే సరిపోతుంది. అక్కడ 1887 నాటి స్ట్రేటర్ హోటల్‌లో దిగాం. పాత చెక్క మంచాలు, అల్మరాలు, కింద సెలూన్‌లో, అంటే పాతకాలం బార్‌లో, పియానో. రేటు ఎక్కువే, అయినా ఇవ్వొచ్చు. స్టేషన్‌కి నడిచిపోవచ్చు కాబట్టి పొద్దున్నే పార్కింగ్ టెన్షన్ ఉండదు.

రైలు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. డురాంగో నుంచి సిల్వర్టన్ దాకా 45 మైళ్లు, మూడడుగుల నేరో గేజ్, 1882లో వెండి గనుల కోసం పూర్తి చేసిన లైను. సినిమాలో రైలు దోపిడీలు ఈ లైను మీదే తీశారు. డైనమైట్ ఎక్కువైపోయి పెట్టె మొత్తం ఎగిరిపోయి, నోట్లు గాల్లో తేలే సీన్ గుర్తుందిగా? ఆ పెట్టెలో డబ్బుకి కాపలా ఉండే గుమస్తా ఉడ్‌కాక్ కల్పన కాదు. 1899లో వయోమింగ్‌లోని విల్‌కాక్స్ దోపిడీలో ఆ పేరుగల ఉద్యోగి నిజంగానే ఉన్నాడు. వెళ్లేటప్పుడు కుడివైపు సీటు తీసుకోండి. కొండ అంచున మలుపు తిరిగినప్పుడు కింద ఆనిమస్ నది ఆకుపచ్చగా, కిటికీలోంచి చేయి పెడితే రాయి తగిలేంత దగ్గరగా కొండ. మా నాన్నగారికి అరకు రైలు గుర్తొచ్చింది. టికెట్ చౌక కాదు, ఒకవైపే మూడున్నర గంటలు. చిన్నపిల్లలుంటే వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు ఉన్న టికెట్ నయం. సిల్వర్టన్ 9,300 అడుగుల పైన ఉంది, తలనొప్పి వస్తుంది, నీళ్లు తాగుతూ ఉండాలి. శాకాహారులకి అక్కడ పెద్దగా ఏమీ దొరకదు. మేం రాత్రి కుక్కర్‌లో అన్నం వండి కలుపుకున్న పులిహోర తిన్నాం.

డురాంగో ఉత్తరాన బేకర్స్ బ్రిడ్జి దగ్గర, కొండ మీంచి నదిలోకి దూకే ఘట్టంలో కొంత భాగం తీశారు. హీరోలు దూకింది కాస్త కింద కట్టిన అరుగు మీదికి. నీళ్లలోకి దూకింది స్టంట్‌వాళ్లు, అదీ కాలిఫోర్నియాలో. రోడ్డు పక్కన ఆపి పావుగంట చూస్తే చాలు. ఎవరో దూకుతున్నారని మీరు మాత్రం దూకొద్దు.

టెల్లురైడ్‌లో 1889 జూన్‌లో బుచ్ తొలి బ్యాంకు దోపిడీ చేశాడు, ఇరవై వేల డాలర్ల పైమాటే. ఆ బ్యాంకు భవనం ఇప్పుడు లేదు. ఊరు అందమైనదే కానీ గదుల రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. మధ్యాహ్నం వెళ్లి, ఉచితంగా నడిపే గొండోలా (కేబుల్ కార్) ఎక్కి, సాయంత్రానికి వచ్చేయండి. సెప్టెంబర్ చివర్లో వెళితే ఆస్పెన్ చెట్లు పసుపు రంగులో ఉంటాయి, రైలు కూడా సిల్వర్టన్ దాకా నడుస్తుంది. చలికాలంలో సగం దారి నుంచే వెనక్కి తిప్పేస్తారు. రోజులు తక్కువుంటే టెల్లురైడ్ మానేసి, గ్రాఫ్టన్, సర్కిల్‌విల్, రైలు పెట్టుకోండి.