మారేడుమిల్లి ఒక్కరోజులో చుట్టేద్దామనుకునే కోనసీమవాళ్లకి

పొద్దున్నే ఆరింటికి అమలాపురంలో కారెక్కి, మారేడుమిల్లిలో బొంగులో చికెన్ తిని, జలపాతంలో మునిగి, గుడిసె కొండ కూడా చూసుకుని రాత్రికి ఇల్లు చేరిపోదామని ప్రతి కార్తీకంలోనూ లెక్కలు వేస్తారు. ప్రతిసారీ తప్పుతాయి. రాజమండ్రి నుంచే మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. కోనసీమ నుంచైతే దానికి ముందే ఇంకో రెండు గంటల దారి. టిఫిన్లు, టీలు కలుపుకుంటే చేరేసరికి మధ్యాహ్నమే. గుడిసేమో తెల్లవారుజామున చూడాల్సిన కొండ. అందుకే ఒక్కరోజు ట్రిప్పుకి పదికి నాలుగు మార్కులు, రాత్రి ఆగితే ఎనిమిది.

దారి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా. పెట్రోలు గోకవరంలోనే నింపుకోండి. నోట్లు కూడా ఉంచుకోండి. కొండల్లో సిగ్నలు పోతే ఫోన్ పే ఉన్నా లేనట్టే. కాలవగట్ల మీద బండి నడిపిన చేతికి మలుపంటే భయం ఉండదు గానీ దిగుడు అలవాటు ఉండదు. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు దిగేటప్పుడు రెండో గేరులోనే ఉండండి. న్యూట్రల్ చేసి బ్రేకు మీద కాలేసుకుని కూర్చుంటే ప్యాడ్లు వేడెక్కి, అసలు మలుపు దగ్గర పట్టవు. కాలిన వాసన వస్తే పక్కకి ఆపి చల్లారనివ్వాలి, చక్రాల మీద నీళ్లు కొట్టకూడదు. ఎదురుగా ఎక్కే బండికి దారివ్వడం మర్యాదే కాదు, అవసరం కూడా. మధ్యలో ఆగితే మళ్లీ ఎత్తుకోవడం దానికే కష్టం. పెసరట్టు ఉప్మా దట్టించిన పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇక బొంగులో చికెన్. ఊరినిండా పొయ్యిలే కాబట్టి ఏ బండి దగ్గరైనా ఒకటే రుచి అనుకుంటారు. కాదు. మొదట చూడాల్సింది బొంగుని. పచ్చగా, కోసిన అంచు తడిగా ఉండాలి. ఇందులో నూనె వెయ్యరు; ఆ వెదురులోని తేమా, మాంసంలోని నీరూ ఆవిరై ముక్కని ఉడికిస్తాయి. ఎండిన బొంగైతే మంటకి చిట్లి రసమంతా బూడిదలోకి పోతుంది, మిగిలేది పిప్పి. ఒక కణుపు అడుగున మూతలా ఉంచి, పై కణుపు తీసేసి, ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం పట్టించిన ముక్కల్ని లోపలికి వేస్తారు. మూతికి ఆకులు కుక్కుతారు. బొంగుని నిండా కూరకూడదు, ఆవిరి తిరగడానికి నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి. రద్దీ రోజున ముందు తప్పేది ఇదే.

ఏటవాలుగా నిప్పు మీద పెట్టి తిప్పుతూ ఉంటే అరగంట నుంచి నలభై నిమిషాలు పడుతుంది. మూతి దగ్గర రసం బుడగలు కడుతుంది, పచ్చటి బొంగు నల్లబడుతుంది. పెద్ద మంట మీద పదిహేను నిమిషాల్లో తీసేస్తే పైముక్క మాడి, లోపలి ముక్క ఎముక దగ్గర ఎర్రగా ఉంటుంది. అలా ఉంటే మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చి మళ్లీ పెట్టించండి. నాటుకోడి అడిగితే ఇంకో ఇరవై నిమిషాలు ఆగాల్సిందే. దానికీ బ్రాయిలర్‌కీ ఒకే టైము చెప్పే దుకాణంలో నాటుకోడి తినకండి. ముందే కాల్చి వరసగా పేర్చిన బొంగుల్ని వేడిచేసి ఇస్తానంటే, అది వద్దు. మీ కళ్ల ముందు కూరాలి, మీ కళ్ల ముందు కాలాలి.

గోదారి జిల్లా నాలుకకి మొదటి ముక్క చప్పగానే తగులుతుంది. గరం మసాలా లేదని గోల పెట్టకండి, దాని గొప్పదనమే అది. బొంగు బిర్యానీ మాత్రం దండగ: అడుగున ముద్ద, పైన పలుకు. డబ్బు ఇచ్చే ముందు ధర బొంగుకా, కిలోకా, పచ్చి మాంసం తూకానికా అని అడగండి. గొడవలన్నీ అక్కడే.

కార్తీకమాసం ఆదివారమైతే వనభోజనాల బస్సులన్నీ ఇక్కడే దిగుతాయి. వాగుకి వెళ్లే ముందే ఆర్డరిచ్చి, ఏ టైముకి పొయ్యి మీద పెట్టాలో చెప్పి వెళ్లండి. తడిబట్టలతో, ఆకలితో గంటన్నర నిలబడే బాధ తప్పుతుంది.

జలతరంగిణి జలపాతం చింతూరు రోడ్డు పక్కనే ఉంది, పెద్దవాళ్లకి అదే సుఖం. అమృతధారకి నడవాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లని తీసుకెళ్లొద్దు. రెండూ వానలు తగ్గాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బావుంటాయి. ఏప్రిల్లో వెళ్లి సన్నటి ధార చూసి తిట్టుకుంటే తప్పు జలపాతానిది కాదు. సోకులేరు వాగు దగ్గర దెబ్బ తినేది ఎక్కువగా ఈతొచ్చినవాళ్లే. మన కాలవ అడుగున బురద, నీరు ఒకే తీరుగా పారుతుంది. వాగులో నాచు పట్టిన బండలు, వాటి కిందకి లాగే సుడులు. మోకాల్లోతు పక్కనే నిలువెత్తు గుంట. పైన కొండలో వాన పడితే ఇక్కడ ఎండగా ఉన్నా నీరు పెరుగుతుంది. నీళ్లు రంగు మారి ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే అప్పుడే గట్టెక్కాలి.

రాత్రి బసకి గది తీసుకునే ముందు కిటికీకి జాలీ ఉందో లేదో చూడండి. ఏజెన్సీలో మలేరియా ఇప్పటికీ ఉంది. పొడుగు చేతుల చొక్కా, దోమల మందు తప్పనిసరి.

గుడిసె మారేడుమిల్లి నుంచి సుమారు 40 కిలోమీటర్లు, పుల్లంగి మీదుగా. చివరి ఎక్కుడు గతుకులూ రాళ్లూ. చిన్న కారు అడుగు తగిలిందంటే రిపేరు ఖర్చు జీపు కిరాయిని మించుతుంది. జీపు రాత్రే మాట్లాడుకోవాలి. కిరాయి బండికా మనిషికా, పైన ఎంతసేపు ఆగుతాడు, ప్రవేశ రుసుం అందులోనే ఉందా అన్న మూడూ తేల్చుకోండి. మూడు, మూడున్నరకి బయల్దేరితేనే ఆరింటిలోపు పైన ఉంటారు. వెనక సీట్లు ఎదురెదురుగా ఉండే జీపులో ఎనిమిది మందిని ఎక్కించే డ్రైవరుని ఒప్పుకోవద్దు, ఆరుగురికే నడుము నిలబడదు.

అందరూ వెళ్లేది మబ్బుల సముద్రం కోసం. అది రోజూ ఉండదు. ముందురోజు జల్లు పడి, రాత్రి ఆకాశం తేటగా, గాలి లేకుండా ఉంటే చల్లగాలి లోయలోకి దిగి మంచు కడుతుంది. మీరు పైనుంచి చూస్తారు. గాలి వీస్తే చెదిరిపోతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉంటే మబ్బు లోయలో కాదు, మీ నెత్తి మీదే ఉంటుంది. పక్క మనిషి కూడా కనబడడు. అలాంటి వార్త వింటే జీపు వాయిదా వేసుకోండి. లోయలో మంచు ఎండెక్కాక ఎటూ కరిగిపోతుంది కాబట్టి టిఫిను తిని బయల్దేరితే గడ్డి ఒక్కటే దక్కుతుంది. ఆ గడ్డి నవంబరు దాకా పచ్చన, తర్వాత పసుపు. కోనసీమ చలికోటు అక్కడ సరిపోదు, చెవులకి మఫ్లరు కట్టండి. ప్లాస్టిక్ సీసాలు జీపులోనే వదిలేయండి.

తిరుగుదారిలో కొండచీపుళ్లు కొనొచ్చు, కట్ట విప్పి పుల్లలు రాలుతున్నాయేమో దులిపి చూసి. తేనె మాత్రం రోడ్డు పక్క మందు సీసాల్లో పోసింది కాకుండా, సీలున్న జీసీసీ (గిరిజన సహకార సంస్థ) సీసాలోదే తీసుకోండి.