ఆంకి: జర్మన్ మాటల కోసం ఏళ్ల తరబడి వాడిన అనుభవం

విశాఖ ద్వారకానగర్‌లో జర్మన్ నేర్పుతాను. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది జర్మనీలో ఉద్యోగం కోసం చూస్తున్న నర్సులు. వ్యాకరణం తరగతిలో ఎలాగో పట్టుబడుతుంది, మాటలే నిలవవు. జర్మన్ పరీక్షలు నిర్వహించే గోథే ఇన్‌స్టిట్యూట్ వారి బి1 (మధ్య స్థాయి) పదపట్టికలోనే సుమారు 2400 మాటలున్నాయి. అందుకే నేనూ, నా విద్యార్థులూ ఆంకిని నమ్ముకున్నాం.

ఒకవైపు ప్రశ్న, మరోవైపు జవాబు ఉండే కార్డులతో నడిచే ప్రోగ్రామ్ ఇది. డేమియన్ ఎల్మ్స్ 2006లో విడుదల చేశాడు. కంప్యూటర్‌లోనూ, ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఉచితం. ఐఫోన్‌కు మాత్రం డబ్బు కట్టాలి. మాట మరుపున పడే వేళకు మళ్లీ అడగడం, బాగా వచ్చినదాన్ని వారాలకూ నెలలకూ జరపడం దీని పని. నెట్ లేకున్నా నడుస్తుంది కనుక, గాజువాక నుంచి వచ్చే అమ్మాయిలు బస్సు కాంప్లెక్స్ చేరేలోపే ఆ రోజు వంతు ముగించేస్తారు.

ఎవరో చేసిన కార్డులను డౌన్‌లోడ్ చేసుకోవడం మాత్రం నాకు నచ్చదు. ‘ఆప్‌నేమెన్’ అనే క్రియనే చూడండి. రక్తం తీయడానికీ అదే, బరువు తగ్గడానికీ అదే. పైగా వాక్యంలో రెండు ముక్కలవుతుంది: ‘ఇష్ నేమె డేమ్ పాట్సియెంటెన్ బ్లూట్ ఆప్’, అంటే రోగి నుంచి రక్తం తీస్తున్నాను. ఒంటి మాట కార్డులో ఇదేదీ తెలియదు. చివరి ‘ఆప్’ స్థానంలో ఖాళీ వదిలి, వాక్యాన్నే కార్డుగా రాసుకున్నవారికి వార్డులో మాట తడబడదు. నామవాచకాలకూ అంతే. తెలుగులో బల్లకూ సీసాకూ లింగభేదం లేదు. జర్మన్‌లో బల్ల పుంలింగం, సీసా స్త్రీలింగం. కాబట్టి ‘డెర్ టిష్’, ‘డీ ఫ్లాషె’ అని ఆర్టికల్‌తో కలిపే కార్డు రాయాలి.

జవాబు చూశాక, మరిచిపోయిన మాటకు ‘హార్డ్’ (కష్టం) మీట నొక్కేవారు చాలామంది. ఆంకి లెక్కలో అది జవాబు వచ్చినట్టే. కార్డును మళ్లీ ఎప్పుడు అడగాలో లెక్కగట్టే, 2023లో చేరిన ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ పద్ధతిలో ఈ అలవాటు గడువులన్నిటినీ తారుమారు చేస్తుంది. గుర్తు రాకుంటే ‘అగైన్’, వస్తే ‘గుడ్’. ఈ రెండు మీటలు చాలు.

రాత్రి డ్యూటీల వారంలో కార్డులు గుట్టపడటమే దీనితో అసలు ఇబ్బంది. రోజుకు 20 కొత్త కార్డులు అనే ముందస్తు అమరిక ఉద్యోగస్తులకు ఎక్కువే. పదికి తగ్గించండి, పరీక్ష దగ్గరపడినా పెంచకండి.

మాట్లాడించడం ఆంకి వల్ల కాదు. వారాంతపు తరగతిలో ఆ వారం కార్డులతోనే రోగి, నర్సు సంభాషణ చేయిస్తాను. అక్కడ నోటికి రాని మాట మర్నాటికల్లా కొత్త వాక్యంతో ఇంకో కార్డవుతుంది.